పెట్టె దాటని నకలు

ఉనాయిసి ఎవరికీ పని అప్పగించదు. సూవా పట్నంలోని పెద్దాస్పత్రి కంప్యూటర్ విభాగంలో చేరినవాళ్ళకు ఈ సంగతి మొదటిరోజే చెప్పేస్తారు, టీ కప్పులు ఏ అరలో ఉంటాయో చెప్పినట్టు. ఎవరైనా సాయం చెయ్యబోతే వద్దనదు. చక్కగా నవ్వి, సంతోషం అని చెప్పి, వాళ్ళు అటు వెళ్ళగానే చేసినదంతా చెరిపేసి మొదటినుంచి తనే చేసుకుంటుంది. పని చేతకానివాళ్ళకు ఈ జబ్బు రాదు, బాగా వచ్చినవాళ్ళకే వస్తుంది. పైగా వాళ్ళు దానికి బాధ్యత అని పేరు పెట్టుకుంటారు.

ఆ గురువారం మాత్రం ఆమెకు వేరే దారి లేకపోయింది. సాయంత్రం కందవు దీవికి ఓడ ఉంది. మర్నాడు, వాళ్ళమ్మ పోయిన వందో రాత్రి. ఆ ఓడ తప్పితే మళ్ళీ వారం దాకా ఇంకొకటి లేదు. వాళ్ళ అక్క లితియా, అమ్మ పోయిననాడు కట్టిన నల్లబట్ట ఇంకా విడవలేదు. ఆ ఊళ్ళో నలుపు కట్టినవాళ్ళు తమంతట తాము తియ్యకూడదు. తోడబుట్టినది వచ్చి పూలబట్ట భుజాల మీదుగా కప్పి, తన చేత్తో ముడి వెయ్యాలి. అప్పుడే నలుపు దిగుతుంది. బట్ట ఒకరిచేత పంపిస్తే చెల్లదు.

అంతకుముందు వారం లితియా సిగ్నల్ కోసం ఊరి కొండెక్కి ఫోను చేసినప్పుడు ఉనాయిసి నసిగి చూసింది కూడా. “అక్కా, ఇక్కడ పనిలో కాస్త ఇరుక్కున్నాను. బాబాయి కూతురు వేస్తే సరిపోదా?”

“ఎందుకు సరిపోదు? నన్ను ఇదే బట్టతో గోతిలోకి దించేదాకా సరిపోతుంది,” అంది లితియా. ఆవిడ మాట అలాగే ఉంటుంది. కోపమొచ్చినా నవ్వొచ్చినా గొంతు ఒకటే.

ఫోను పెట్టేసి ఉనాయిసి టికెట్టు కొనేసింది. అమ్మ మంచాన పడ్డ రోజుల్లో రెండుసార్లు కొని రెండుసార్లూ వాపసు ఇచ్చింది. మొదటిసారి ఆస్పత్రిలో సర్వరు మారుస్తున్నారు. రెండోసారి ఏదో కాపీ నడుస్తోంది, అది పూర్తయ్యాక వెళ్దామనుకుంది, అది పూర్తవకముందే అమ్మ పూర్తయిపోయింది. మట్టి వెయ్యడానికి వెళ్ళి మూడోనాడు తిరిగొచ్చేసింది. మనిషి పోయాక వెళ్ళడానికి లోకంలో ఎవరికీ ఏ అడ్డంకీ రాదు.

ఇప్పుడు చూస్తే సరిగ్గా ఓడ ఉన్న సాయంత్రమే ఆస్పత్రి స్టోరేజీ పెట్టెకు కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించే పని పెట్టుకున్నారు. దానికోసం బ్రిస్బేన్ నుంచి ఇంజనీరు వచ్చి హోటల్లో కూర్చున్నాడు. శుక్రవారం విమానంలో తిరిగి వెళ్ళిపోతాడు. విభాగం అధిపతి ఎరోని ఒకప్పుడు సైన్యంలో చేసిన మనిషి. ముహూర్తం ఒకసారి చెప్పాక మార్చడమంటే ఆయనకు కోట వదిలి పారిపోయినంత అవమానం.

ఆ పెట్టె సంగతి కాస్త చెప్పాలి. ఆస్పత్రిలో రక్తనిధికో కంప్యూటరు, మందుల కౌంటరుకో కంప్యూటరు, కాన్పుల వార్డుకో కంప్యూటరు ఉన్నాయని డాక్టర్లు కూడా అనుకుంటారు. విడివిడిగా ఏమీ లేవు. చల్లటి గదిలో నాలుగు పెద్ద సర్వర్లున్నాయి. మిగతావన్నీ వాటి బుర్రలో నడిచే ఉత్తుత్తి యంత్రాలు. వాటి ఒళ్ళూ, జ్ఞాపకాలూ అన్నీ ఫైళ్ళ రూపంలో పక్కనున్న స్టోరేజీ పెట్టెలో ఉంటాయి. సర్వరు పోతే ఇంకో సర్వరు ఆ యంత్రాన్ని తలకెత్తుకుంటుంది. పెట్టె పోతే తలకెత్తుకోవడానికి ఏమీ మిగలదు. అందుకే రోడ్డుకు అవతల, పాత నర్సుల హాస్టల్ కింది అంతస్తులో రెండో పెట్టె ఒకటి పెట్టారు. పెద్ద పెట్టెను కదిలించే ముందు ముఖ్యమైన యంత్రాలన్నిటికీ నకలు తీసి అక్కడికి చేర్చాలి. అది ఉనాయిసి పని. ఉదయం మొదలుపెడితే మర్నాడు పొద్దెక్కేదాకా సాగేది. ఆమె ఆ కుర్చీలోంచి లేచేది కాదు.

ఈసారి అంత వ్యవధి లేదు. మంగళవారం నుంచి జ్వరంతో పడి ఉండి, గురువారం పొద్దున లేచి వచ్చింది. సంచీ సర్దుకుని వెంట తెచ్చుకుంది. అక్కకోసం కొన్న పూలబట్ట అందులోనే ఉంది.

పక్క బల్ల దగ్గర షల్విన్ రోటీ పొట్లం విప్పుతున్నాడు. లంబాసా మనిషి, ఇద్దరు పిల్లల తండ్రి, ఈ విభాగానికి వచ్చి ఏడాది కాలేదు. లంబాసావాళ్ళకు తిండి ముందు, పని తర్వాత అని సూవాలో ఎగతాళి చేస్తారు. షల్విన్ దాన్ని తప్పని నిరూపించాలని ఎప్పుడూ అనుకోలేదు.

“దీదీ, ఒక మాట అడుగుతా, తిట్టకండి,” అన్నాడు.

“అడిగాక చూద్దాం.”

“పక్కింటివాళ్ళ కొట్లో బియ్యం బస్తా ఈ మూల నుంచి ఆ మూలకి జరపాలి. మీరేమో చేటతో చేటెడు ఎత్తి మీ ఇంటికి తెస్తున్నారు. మళ్ళీ చేటెడు చొప్పున వాళ్ళ కొట్లోకే మోస్తున్నారు. కొట్టువాడు అక్కడే కూర్చుని మిమ్మల్ని చూస్తున్నాడు. ‘అది అక్కడ పెట్టవయ్యా’ అంటే వాడు పెట్టడా?”

“పెడతాడు. ఒకసారి అలాగే పెట్టమంటే కొట్టు తలుపులు బిడాయించుకుని కూర్చున్నాడు.”

ఆ కథ విభాగంలో అందరికీ తెలిసిందే. సర్వరు ప్రతి గింజా తనలోకి లాక్కుని మళ్ళీ తోయనక్కర్లేకుండా, పెట్టెకే ఒక్క ముక్క చెప్పేసి పని దానిమీద వదిలేసే ఏర్పాటు మొదటినుంచీ ఉంది. చాలా ఏళ్ళ కిందట ఉనాయిసి దాన్ని వాడింది. ఆ రోజుల్లో పెట్టె సాఫ్ట్‌వేర్‌లో ఏదో లోపముంది. నకలు తియ్యమనగానే పెట్టె బిగుసుకుపోయింది, సగం ఆస్పత్రి చేతులు కట్టుకుని నిలబడిపోయింది. ఆ రోజే ఆమె ఆ ఏర్పాటు ఆపేసింది. లోపాన్ని తర్వాత సరిచేశారు. ఆమె మాత్రం మళ్ళీ తెరవలేదు. పాము కాటు తిన్నవాడికి తాడన్నా భయమే.

“అది ఎప్పుడో బాగుచేశారు దీదీ. అప్పటికి నేనింకా స్కూల్లో ఉన్నాను.”

“అబద్ధాలు కట్టిపెట్టు భయ్యా. నీకప్పటికే మీసాలు.”

“సరే, మీసాలతోనే స్కూల్లో ఉన్నాను. లంబాసాలో అంతే. ఇప్పుడు చెప్పండి, పెట్టెకి చెప్దామా? లేదంటే మీ ఓడ మీ ముఖం చూడకుండానే వెళ్ళిపోతుంది.”

ఉనాయిసి గడియారం వైపు చూసింది, సంచీ వైపు చూసింది. ముందు శిక్షణకు వాడే ఒక పనికిరాని యంత్రం మీద ప్రయత్నించి చూపించమంది. షల్విన్ ఏర్పాటు తెరిచి, ఆ యంత్రానికి నకలు తియ్యమన్నాడు. అతను రోటీ ముక్క నోట్లో పెట్టుకునేలోపల అయిపోయింది. పెట్టె బిగుసుకోలేదు, అలగలేదు. ఉనాయిసికి సంతోషం కంటే ముందు సిగ్గేసింది. ఇన్నేళ్ళు చేటతో మోసిన బియ్యమంతా కళ్ళముందు కదిలింది.

“మిగతావి నేను చూసుకుంటా. మీరు ఇంటికెళ్ళి స్నానం చేసి రేవుకి వెళ్ళండి. ఒక్కటే షరతు, తిరిగి చూడకూడదు,” అన్నాడు షల్విన్. “చూశారంటే మళ్ళీ మొదటినుంచి మొదలుపెడతారు. నాకు తెలుసు.”

ఆమె సరేనని నిజంగానే లేచింది. తన కుర్చీలో ఇంకొకరు కూర్చోవడం చూసి రెండడుగులు వెనక్కి వేసింది. ఆ వెనక గోడకు ఆనుకుని టీ తాగింది. షల్విన్ మొదట ఏదో గొణుక్కున్నాడు, రెండుమూడు మీటలు నొక్కాడు, ఆ తర్వాత ఈల వేశాడు. తెరమీద ఒకదాని తర్వాత ఒకటిగా ఆకుపచ్చ గుర్తులు పడ్డాయి. కప్పులో టీ సగం కూడా తగ్గలేదు.

“ఇంత తొందరగానా?” అంది.

“పెట్టే చేసేసుకుంది దీదీ. మీరు ఊరికే కష్టపడ్డారు.”

నమ్మాలని గట్టిగా అనుకున్నప్పుడు తెలివి కాస్త పక్కకు తప్పుకుని దారిస్తుంది. ఉనాయిసి తెరమీదికి వంగి చూడబోయి ఆగింది. మాట ఇచ్చాను కదా అనుకుంది. సంచీ భుజాన వేసుకుని వానలో బస్సెక్కింది. చాలా కాలం తర్వాత ఒళ్ళు తేలికైనట్టనిపించింది.

వాలు బే రేవులో ఎప్పటిలాగే సంత. సిమెంటు బస్తాలు, పెట్రోలు డ్రమ్ములు, ఎవరిదో మంచం, దానిమీద పడుకున్న ఎవరో తాత. ఉనాయిసి పుట్టింటికి ఇవ్వడానికి దారిలో కొన్న చాపల చుట్టను కూలివాడికి అప్పజెప్పి ఓడలో వెయ్యమంది. వాడు అటు వెళ్ళి ఇటు వచ్చినంతలో “అయిపోయిందక్కా” అన్నాడు. ఆమె ఓడెక్కి చోటు వెతుక్కుని, తడిసిన చెప్పులు విడిచి కూర్చుంది. కాసేపటికి రేవు షెడ్డు వైపు చూస్తే చాపల చుట్ట అక్కడే ఉంది. ఇందాక ఎడమ మూలన ఉండేది, ఇప్పుడు కుడి మూలన ఉంది.

దిగి వెళ్ళి అడిగింది. “అయిపోయిందన్నావు కదయ్యా?”

“అయిందిగా అక్కా. ఆ మూలలోంచి కందవు మూలకి మార్చేశా. ఎక్కించేది ఇంకొకడు.”

“మరి చెప్పవేం?”

“అడగలేదుగా మీరు.” తన తప్పేమీ లేదన్నట్టు నిలబడ్డాడు.

ఆమె దగ్గరుండి చాపలు ఓడలో వేయించింది. ఓడకు ఆనించిన మెట్లబల్ల సగం ఎక్కినదల్లా అక్కడే నిలబడిపోయింది. వెనకవాళ్ళు తోసుకుంటూ పోతున్నారు.

అంత తొందరగా ఎలా అయింది? కొట్టువాడు బస్తాను తన కొట్లోనే ఈ మూల నుంచి ఆ మూలకి జరపగలడు. రోడ్డు దాటి ఇంకో కొట్టుకు తీసుకెళ్ళలేడు. పెట్టె పని పెట్టె గోడల లోపలే. అవతలి భవనంలో ఉన్న రెండో పెట్టెకు నకలు చేరాలంటే మళ్ళీ సర్వరే మొయ్యాలి, గింజగింజగా, ఎప్పటిలాగే. కప్పు టీ చల్లారకముందే పని అయిందంటే నకళ్ళు రోడ్డు దాటలేదన్నమాట. అసలూ నకలూ ఒకే పెట్టెలో పక్కపక్కన కూర్చున్నాయి. సాయంత్రం కదిలించబోయేది ఆ పెట్టెనే. ఇన్నేళ్ళు ఆ ఏర్పాటును ముట్టుకోక, దాని హద్దు ఎక్కడుందో తనే మరిచిపోయింది. తను మరిస్తే షల్విన్‌కు ఎవరు చెబుతారు.

ఫోను చేసింది. “భయ్యా, నకళ్ళు ఎక్కడ పెట్టావు?”

“మన పెట్టెలోనే దీదీ.” అవతల మీటలు నొక్కిన చప్పుడు. “మొదట మీరన్నట్టు హాస్టల్ పెట్టెకే పంపాను. నత్తలా నడిచింది. ఏర్పాటు తెరుచుకోలేదేమో అనుకుని ఇక్కడికే మార్చి చూశాను. చకచకా అయిపోయింది.” మీటల చప్పుడు ఆగింది. “అయ్యో. రోడ్డు దాటలేదు.”

“దాటలేదు.”

“దీదీ, నేను చెప్పి ఉండాల్సింది.”

“నేను చూసి ఉండాల్సింది. సరే విను, దిగుతున్నాను. టాక్సీ దొరికితే తొందరగానే వచ్చేస్తా.” అప్పటికే ఒక కాలు రేవు మీద పెట్టింది. ఓడ కూత వేసింది.

“వచ్చి ఏం చేస్తారు?” అన్నాడు షల్విన్. గొంతులో ఎగతాళి లేదు. “నేను చెయ్యబోయేదే చేస్తారు. కాకపోతే నన్ను లేపి ఆ కుర్చీలో మీరు కూర్చుంటారు. అమ్మ ఉన్నప్పుడు కూడా అదే కుర్చీలో కూర్చున్నారని ఇక్కడ అందరూ చెప్పుకుంటారు. మీ ముందు అనరు, అంతే.”

ఉనాయిసికి చెంపమీద కొట్టినట్టయింది. కోపం రాబోయి, రావడానికి చోటు దొరక్క ఆగిపోయింది. మెట్లబల్ల లాగేవాడు “ఎక్కుతారా దిగుతారా తల్లీ, ఏదో ఒకటి చెయ్యండి” అని విసుక్కున్నాడు.

“ఎరోని సార్‌కి చెప్పు,” అంది ఫోనులో. “నకళ్ళు రోడ్డు దాటేదాకా పెట్టె మీద చెయ్యి వెయ్యకూడదని చెప్పు.”

“నేనా? ఆ బ్రిస్బేన్ ఆయన పక్కనుండగానా? దీదీ, నాది కాంట్రాక్టు ఉద్యోగం. సార్ కన్నెర్రజేస్తే నేను లంబాసా బస్సెక్కడమే.”

“మా నాన్న ఏం చేసేవాడో తెలుసా నీకు? మా ఊరి పెద్దకు నోరు ఆయనే. పెద్దాయన ఒక్క ముక్క అని ఊరుకునేవాడు. పదిమందిలో నిలబడి దాన్ని పలికేది, తిట్లు తినేది, పని జరిగేదాకా కదలకుండా కూర్చునేది మా నాన్న. ఎప్పుడూ పెద్దాయన వెంట వెళ్ళి చూసుకోలేదు. మాట నాదని చెప్పు, నోరు నీది. ఆయన అరుస్తాడు. అరవనివ్వు.”

“అన్నీ దాటించే టైము ఉండదు దీదీ. ఏవి ముందు పంపను?”

ఆమె నోటిదాకా వరస వచ్చింది, మొదట మందుల కౌంటరు, తర్వాత కాన్పుల వార్డు. అది చెప్పి పెట్టేస్తే తన కుర్చీ తనతోపాటే ఓడెక్కుతుంది. “నీకేవి ముఖ్యమనిపిస్తే అవి,” అంది. రేవు మీది కాలు తీసి ఓడలోకి వచ్చింది. మెట్లబల్ల లేచింది.

పగడపు దిబ్బ దాటాక ఫోనులో సిగ్నల్ పోయింది. దాన్ని చూడటం మానడానికి ఆమెకు ఇంకా చాలాసేపు పట్టింది. పక్కనున్న ముసలావిడ ఉడికించిన కర్రపెండలం, డబ్బా చేప పెట్టింది. ఉనాయిసి తింది, ఏం తిన్నదో గుర్తులేదు. ఓడ ఊగుతున్నకొద్దీ ఆలోచన ఒకటే చోట తిరిగింది. ఎవరైనా చెయ్యగల పనిని ఇన్నేళ్ళూ గుప్పిట పట్టుకుని కూర్చుంది. తను తప్ప ఎవరూ చెయ్యలేనిదాన్ని అక్క చేతిలో పెట్టి వచ్చేసింది. అమ్మకు ఒళ్ళు తుడవడం, జావ పట్టడం, రాత్రిళ్ళు లేచి అటు తిప్పి పడుకోబెట్టడం అన్నీ లితియానే. తను అప్పుడప్పుడు ఫోనులో “అమ్మ ఎలా ఉంది?” అని అడిగేది. తెరమీద ఆకుపచ్చ గుర్తు పడిందా అని అడిగినట్టే. ఉందని అక్క అనేది. తను తిరిగి పనిలో పడేది. ఇది తలచుకుంటే ఆమెకు తనమీద అసహ్యం వేసింది. ఆ మాట పైకి అనడానికి అక్కడ తెలిసినవాళ్ళెవరూ లేరు.

మర్నాడు పొద్దున కందవులోని వునిసియా రేవులో దిగగానే ఫోను మోగింది.

“బతికే ఉన్నాను దీదీ,” అన్నాడు షల్విన్. గొంతు బొంగురుపోయి ఉంది. “సార్ అరుపులకి పక్క వార్డులో పేషెంట్లు లేచి కూర్చున్నారు. ‘ఆవిడ ఊరెళ్ళి కూడా నన్ను వదలదా’ అన్నారు. నేను అక్కడే కూర్చున్నా. లేవమన్నా లేవలేదు. చివరికి ఆయనే వెళ్ళి ఆ ఇంజనీరుకి కాఫీ ఇప్పించి, తెల్లారుజామున చేద్దామన్నారు.”

“ఏవి దాటించావు?”

“మొదట రక్తనిధి. తర్వాత కాన్పుల వార్డు. తర్వాత ల్యాబు. మందుల కౌంటరు సగంలో ఉండగానే టైమైపోయింది.”

నేనైతే మందులు ముందు పంపేదాన్ని, అనుకుంది ఉనాయిసి. పైకి అనలేదు. “మరి పెట్టె?”

“కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కాక ఒక వరస డిస్కులు లేవలేదు దీదీ. అదే వరసలో రక్తనిధి ఉంది. నేను నిన్న మొదట తీసిన నకలు కూడా దాని పక్కనే ఉంది. రెండూ కలిసే పోయాయి.” గొంతు సవరించుకున్నాడు. “హాస్టల్ పెట్టెలోంచి తెచ్చి నడుపుతున్నాం. పొద్దున ఆరో వార్డుకి రక్తం కావాలంటే ఇచ్చారు. కింద ఎవరికీ ఏమీ తెలియదు. మందులవి వేరే వరసలో ఉన్నాయి, బాగానే ఉన్నాయి.”

ఉనాయిసి రేవు గట్టుమీద కూర్చుండిపోయింది. తన వరస ప్రకారం పంపి ఉంటే రక్తనిధి వంతు వచ్చేదో రాదో. “రక్తనిధి ఎందుకు ముందు పెట్టావు?” అని అడిగింది.

“మా ఆవిడకి రెండో కాన్పులో నాలుగు సీసాలు ఎక్కించారు. ఇంకేం తోచలేదు. తప్పా?”

“తప్పు కాదు. ఇంటికెళ్ళి పడుకో. ఇక నాకు ఫోను చెయ్యకు, మా ఊళ్ళో సిగ్నల్ ఉండదు.”

“అదృష్టవంతులు,” అని పెట్టేశాడు.

ఊరికి చేరాలంటే అక్కడినుంచి చిన్న పడవ. కెరటాలు మీద పడి ఒళ్ళంతా తడిసింది గానీ, ఉనాయిసి పూలబట్ట ఉన్న సంచీని రెండు చేతులతో ఎత్తి పట్టుకుంది. ఊళ్ళో పొయ్యిలు రాజుకుని ఉన్నాయి. మట్టిగుంటలో చేమదుంపలు, పంది మాంసం ఆకులు కప్పి పెట్టేశారు. ఎవరి పని వాళ్ళు చేసుకుపోతున్నారు. చెయ్యడానికి ఏమైనా ఉందా అని అడిగితే పిన్ని నవ్వింది. “నీ పని ఒక్కటే. దానికి ఇంకా వేళ కాలేదు, కూర్చో.”

సాయంత్రం, సమాధి మీద కొత్త చాప పరిచి వచ్చాక, ఆడవాళ్ళంతా ఇంట్లో చేరారు. లితియా నడుమ చాపమీద కూర్చుంది. నల్లబట్ట ఉతికి ఉతికి బూడిదరంగుకు దిగింది. ఆవిడ చిక్కిపోయింది, చేతి కణుపులు తేలాయి. ఉనాయిసి వెనక మోకాళ్ళమీద కూర్చుని పూలబట్ట విప్పి అక్క భుజాల మీద కప్పింది. ఓడలో నోటిదాకా వచ్చి ఆగిన మాట అప్పుడు బయటికొచ్చింది.

“అక్కా, అమ్మను నీమీద వదిలేసి వెళ్ళిపోయాను.”

లితియా తల తిప్పలేదు. “వదిలెయ్యడానికి నువ్వెవరు? అమ్మ నా దగ్గరుంది, నేను చూసుకున్నా. నువ్వు పంపిస్తే చూసినట్టు మాట్లాడకు.”

చుట్టూ ఉన్నవాళ్ళు వినీ విననట్టు చేతులవైపు చూసుకున్నారు. ఉనాయిసి బట్ట అంచులు దగ్గరికి తెచ్చింది. ఆ మాటలో కోపం ఉందో, క్షమ ఉందో ఆమెకు అంతుపట్టలేదు. రెండూ ఉన్నాయేమో.

“ఒక్కటే నా చేతకాలేదు,” అంది లితియా. “చివరి సాయంత్రం నిన్ను అడిగింది. కళ్ళు అప్పటికే కనపడటం లేదు. కొండెక్కి నీకు ఫోను చేశా, ఎత్తలేదు. దిగొచ్చేసరికి ‘ఉనా, ఉనా’ అంటోంది. ఇంట్లో ఎవరూ లేరు. నేనే పలికా, నీ గొంతు పెట్టి.”

ఉనాయిసి చేతులు ఆగిపోయాయి.

“నమ్మిందా?” అంది.

“ఏమో. నా చెయ్యి పట్టుకుంది. ఎవరిదనుకుని పట్టుకుందో నాకు తెలీదు. అది నీకు ఇవ్వడానికి నా దగ్గర లేదు.”

“ఏమన్నావు అమ్మతో?”

“వచ్చేశానమ్మా అన్నా.”

ముడి వెయ్యడానికి ఉనాయిసికి చాలాసేపు పట్టింది. ఎవరూ తొందరపెట్టలేదు.